రెండు కెమెరాల నరసింహులు

ఆళ్ళగడ్డలో తొంభైల్లో పెళ్ళి చేసుకున్నవాళ్ళ ఇంటికి వెళ్ళి ఆల్బం అడగండి. బీరువా పైనుంచి దింపి, దుమ్ము దులిపి తెస్తారు. మొదటి పేజీ మూలన "నరసింహులు ఫోటో స్టూడియో, బస్టాండు ఎదురుగా" అని రబ్బరు ముద్ర ఉంటుంది. ఆ స్టూడియో బస్టాండు ఎదురుగా ఏనాడూ లేదు. పక్క సందులో, పంక్చర్లు వేసే కొట్టు వెనకాల ఉండేది. చాలా ఏళ్ళ దాకా నరసింహులు ఆడిన పెద్ద అబద్ధం అదొక్కటే. మిగతా అన్నింట్లో మనిషి సూటి.

అతని ఫోటోల్లో జనం నవ్వుతూ ఉంటారు. ఆ రోజుల్లో ఫోటో అనగానే బిర్రబిగుసుకుపోయి, పన్ను పీకించుకోవడానికి కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు. నరసింహులు కెమెరా కంటికి ఆనించుకుని, "ఏమప్పా, ఇంటికాడ పొయ్యి మీద పాలు పెట్టొచ్చినావా?" అనేవాడు. అవతలి మనిషి ఫక్కున నవ్వేవాడు. ఆ క్షణంలో ఫ్లాషు వెలిగేది. ఆ పాల మాట ఊరంతా తెలిసిపోయిన తర్వాత కూడా నవ్వేవాళ్ళు. అది అతని చేతి చలవ అనేవారు.

అతనికి పని నేర్పింది ఆంజనేయులు అనే పెద్దాయన. స్టూడియో అప్పగించేటప్పుడు ఆ పెద్దాయన రెండు కెమెరాలు ఇచ్చాడు. "పెండ్లి కెమెరా వేరే, పీనుగ కెమెరా వేరే. దాన్నీ దీన్నీ కలపొద్దు రా," అన్నాడు. ఊరి ఫోటోగ్రాఫరుకు అప్పట్లో ఇంకో పని కూడా ఉండేది మరి. బావిలో పడినవాళ్ళు, లారీ కింద నలిగినవాళ్ళు, గట్టు తగాదాలో కత్తికి బలైనవాళ్ళు, ఎవరు ఎట్లా పోయినా స్టేషన్ నుంచి కబురు వచ్చేది. శవాన్ని కదిలించకముందే ఫోటో తీయాలి. నరసింహులు నలుపు తెలుపు రీలు వేసిన ఆ పాత కెమెరా భుజాన వేసుకుని పోయేవాడు. చెప్పిన నాలుగు తీసి, ఫోటోలు కడిగి, కవరులో పెట్టి ఇచ్చేసి, ఆ కెమెరాను స్టూడియో వెనకగదిలో మేకుకు తగిలించి, తల మీద నీళ్ళు పోసుకున్నాకే ఇంట్లోకి వచ్చేవాడు. రెండోసారి ఆ ఫోటోల మొహం చూసేవాడు కాదు. హాయిగా అన్నం తినేవాడు, హాయిగా నిద్రపోయేవాడు.

ఒక్కసారి మాత్రం అట్లా కుదరలేదు. తొంభై నాలుగులో, పొలం కాలువ నీళ్ళ దగ్గర గొడవై, అహోబిలం దారిలో ఉన్న పల్లెలో వెంకటేశ్వర్లు అనే రైతును నరికేశారు. వెంకటేశ్వర్లు నరసింహులుకు స్నేహితుడు. నరసింహులు కంటే రెండేళ్ళు పెద్ద, బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. కబురు వచ్చినప్పుడు ఎవరి శవమో చెప్పలేదు. వెళ్ళి, దుప్పటి తీశాక చూశాడు. అయినా నాలుగూ తీశాడు. స్నేహితుడి నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఏదో చెప్పబోయి ఆగినట్టు. ఏం చెప్పబోయాడో, ఎవరిని పిలవబోయాడో! నరసింహులు తల మీద ఎన్ని బిందెలు పోసుకున్నా ఆ ప్రశ్న మాత్రం కొట్టుకుపోలేదు.

నెల తిరగకముందే వెంకటేశ్వర్లు భార్య వెంకటలక్ష్మమ్మ ఎనిమిదేళ్ళ కూతురు సుప్రియను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చింది. హత్య జరిగిన రోజు ఆడవాళ్ళను శవం దగ్గరికి రానివ్వలేదు. గుడ్డ చుట్టి తెచ్చారు, చుట్టినట్టే తీసుకుపోయారు.

"మీ అన్న ఫోటోలు తీసినావంట గదా. నాకొకసారి సూపీ," అంది.

"వద్దొదినా."

"నా మొగుడు. నేను సూడకూడదా?"

"సూడకూడదని గాదు. సూసినావంటే ఇంక అదే కనపడతాది నీకు. బతికున్నప్పటి మొగం మర్సిపోతావు. నా మాట ఇను," అన్నాడు.

ఆమె ఏడ్చింది, తిట్టింది, అతని ఇంటిపేరు కూడా కలిపి తిట్టింది. నరసింహులు తలొంచుకుని పడ్డాడు. తర్వాత పెట్టెలన్నీ వెతికి, అహోబిలం తిరునాళ్ళలో వెంకటేశ్వర్లు చెరుకుగడ పట్టుకుని పగలబడి నవ్వుతున్న ఫోటో ఒకటి తీశాడు. దాన్ని పెద్దది చేసి పటం కట్టించి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె దాన్ని నట్టింట్లో తగిలించింది. అంత తెలివైన మాట చెప్పిన మనిషి, పదేళ్ళ తర్వాత తన దాకా వచ్చేసరికి దాన్ని మరిచిపోయాడు. ఎదుటివాడికి చెప్పేటందుకు అందరమూ పండితులమే.

కలర్ రీళ్ళు కడగడానికి ఆళ్ళగడ్డలో మిషన్ ఉండేది కాదు. పెళ్ళి అయిన మర్నాడు రీళ్ళు సంచిలో వేసుకుని నంద్యాల బస్సెక్కాలి, అక్కడ కలర్ ల్యాబులో ఇవ్వాలి, ప్రింట్లు చేతికి రావడానికి రెండు మూడు గంటలు కాచుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ళ ఫోటోగ్రాఫర్లందరూ ల్యాబు ముందు బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. రెండువేల నాలుగు నాటికి ల్యాబు పక్కనే ఒక నెట్ సెంటర్ వెలిసింది. దాన్ని నడిపేది సలోమి అనే ఆమె. బడిపంతులు కూతురు, ముప్పై దాటిన మనిషి, కళ్ళద్దాలు. మాట కచ్చితం.

డిజిటల్ కెమెరాలు వస్తున్నాయి, ఇక రీళ్ళకు నూకలు చెల్లాయని ల్యాబువాళ్ళు అంటుంటే, అవేమిటో చూద్దామని నరసింహులు మొదటిసారి అందులోకి పోయాడు. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టిన అరల్లో కంప్యూటర్లు. పక్క అరలో నలుగురు కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఏదో చూస్తున్నారు. ఇతనూ తొంగి చూశాడు. ఏదో ఎడారి దేశం. ఒక మనిషి చేతులు కట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనకాల ముసుగులవాళ్ళు. జరగబోయేది అర్థమయ్యేలోపే జరిగిపోయింది. నరసింహులు బయటికి వచ్చి, సోడా తాగి, మెట్ల మీద కూర్చున్నాడు. థూ, ఇంక ఈ పక్కకే రాకూడదు అనుకున్నాడు.

మరుసటి వారం మళ్ళీ వెళ్ళాడు. ఎందుకంటే ఆ మనిషి చివర్న నోరు తెరిచాడు, అచ్చం వెంకటేశ్వర్లు మాదిరే. ఇన్నేళ్ళుగా నరసింహులు చూసిందంతా ప్రాణం పోయిన తర్వాతిదే. ఆ ముందు గడియ ఎట్లా ఉంటుందో, మనిషి ఏం తలుచుకుంటాడో ఇక్కడ కనపడుతోంది. చూస్తే తెలుస్తుంది, తెలిస్తే మనసు కుదుటపడుతుంది అనుకున్నాడు. పుండు దురద పెడుతోందని గోకితే మానుతుందా?

అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా వెతకడానికి నాలుగు మాటలు నేర్చుకున్నాడు. నాలుగూ నెత్తుటి మాటలే. అప్పట్లో నెట్ నత్తనడక, ఐదు నిమిషాల వీడియో రావడానికి అరగంట పట్టేది. తెర మీద గీత నిండేదాకా కళ్ళార్పకుండా కూర్చునేవాడు. మొదట్లో ఒకటి చూసి లేచేవాడు, ఆరు నెలలకు మూడు చూస్తేగానీ లేచేవాడు కాదు. ఒకదాని కింద ఇంకొకటి, దానికంటే ఘోరమైనది, చూడమని ఆ తెరే చూపించేది. మొదట్లో మధ్యలో మొహం తిప్పుకునేవాడు. తర్వాత తిప్పుకోవడం మానేశాడు. అదే గుండెధైర్యమని మురిసిపోయాడు పిచ్చిమనిషి. ఎంతమంది చావులు చూసినా వెంకటేశ్వర్లు ఏం చెప్పబోయాడో మాత్రం తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది? అది వెంకటేశ్వర్లుతోనే పోయింది.

ఇంట్లో తేడా మొదట కనిపెట్టింది భార్య నాగేశ్వరమ్మ. మనిషి మంగలి దగ్గరికి పోవడం మానేసి గడ్డం పెంచాడు. కత్తిపీట ముందేసుకుని ఆమె కూరగాయలు తరుగుతుంటే లేచి బయటికి పోయేవాడు. పిలిచిన మూడోసారికి పలికేవాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగలేదా? ఆత్మకూరులో మా అన్నకు తెలిసిన డాక్టరుండాడు, పోదామా?" అంది.

"నాకేమైంది? నీ పని నువ్వు సూసుకో," అని కసిరాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో కసరడం అదే మొదలు. ఆమె ఆ పూట అన్నం తినలేదు, అతను గమనించనే లేదు.

స్టూడియోలో పాల మాట ఆగిపోయింది. కెమెరాలోంచి చూస్తే మనుషుల మొహాల కంటే ముందు మెడలు కనపడుతున్నాయి. మొదటి పుట్టినరోజని ఎత్తుకొచ్చిన పసిబిడ్డల మెడ మీద పౌడరు చారలు చూసి కూడా అతనికి ఒళ్ళు జలదరించేది. తొందర తొందరగా మీట నొక్కి పంపించేసేవాడు. "మునుపటి మాదిరి నవ్వు పడ్డంలేదే నరసింహులూ," అని ఒకరిద్దరు అన్నారు. రీలులో కల్తీ అని తప్పించుకున్నాడు. కల్తీ ఎక్కడుందో అతనికి తెలుసు.

ఒకరోజు నంద్యాలలో సలోమి అతన్ని ఆపింది. అరలు ఖాళీగా ఉన్నాయి, వినేవాళ్ళు లేరు.

"అన్నా, నువ్వు పోయినాక ఆ కంప్యూటర్లో ఏం సూసినావో నాకు కనపడతాది. తుడిసేది నేనే గదా. బూతుబొమ్మలు సూసేటోళ్ళను తరిమినా. నువ్వు సూసేది దానికంటే అన్యాయం."

"నేను పోలీసులకు ఫోటోలు తీసే మనిషినమ్మా. నాకివి కొత్త గాదు."

"పోలీసులు పిలిస్తే పోతాండావు. పని సేస్తాండావు. ఈడికి నిన్నెవరు పిలిసినారు?"

జవాబు లేనివాడికి కోపం వస్తుంది. విసురుగా లేచి బయటికి పోయాడు. ఆ వారం నుంచి రెండు వీధుల అవతల ఇంకో నెట్ సెంటర్ వెతుక్కున్నాడు. అక్కడ అడిగేవాళ్ళు లేరు.

రెండువేల ఆరు వైశాఖంలో సుప్రియకు పెళ్ళి కుదిరింది. లగ్నపత్రిక రాయించిన రోజే వెంకటలక్ష్మమ్మ స్టూడియోకు వచ్చింది.

"వీడియో గీడియో వద్దనుకున్యాం. నువ్వు ఫోటోలు తీస్తే సాలు. ఒకటి మాత్రం మర్సిపోవద్దు."

"చెప్పొదినా."

"తాళి కట్టేటప్పుడు నేను ముందరికి రాను గదా. వంటశాల కాడ నిలబడతా. ఆ గడియ నా బిడ్డ మొగం ఎట్లుంటాదో నువ్వు తీసినదాంట్లోనే సూసుకోవాల."

"ఈ కాలంలో అవన్నీ ఎవరు పట్టించుకుంటాండారొదినా? ముందర్నే నిలబడు."

"పెండ్లికొడుకోళ్ళు ఏమనుకుంటారో! పిల్ల సుకపడాల. నాకు నువ్వుండావు గదా," అంది నెమ్మదిగా.

నరసింహులు సరేనన్నాడు. మొగుణ్ణి పోగొట్టుకున్నందుకు కన్నకూతురి పెళ్ళిలో దాక్కోవలసిన అవసరం ఆమెకు ఏమిటో, ఆ ఆచారం పెట్టినవాళ్ళను అడగాలి. కానీ ఆమె మాత్రం ఆ గడియలో తన రెండు కళ్ళూ తీసి నరసింహులు చేతిలో పెట్టింది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. పెళ్ళి దాకా ఉన్న పది రోజులూ నంద్యాల వెళ్ళలేదు. కొత్త రీళ్ళు తెప్పించుకున్నాడు, ఫ్లాషుకు కొత్త బ్యాటరీలు వేశాడు, పెళ్ళి కెమెరాను మెత్తటి గుడ్డతో మూడుసార్లు తుడిచాడు.

పొద్దున పదింబావుకు ముహూర్తం. కల్యాణమండపం కిక్కిరిసింది. పీటల మీద మేనమామ దంపతులు కూర్చుని కన్యాదానం చేశారు. కాళ్ళు కడిగింది తీశాడు, జీలకర్ర బెల్లం తీశాడు. అన్నీ సవ్యంగానే పడ్డాయి. అయ్యవారు చెయ్యి ఊపగానే గట్టిమేళం మోగింది. పెళ్ళికొడుకు లేచి సుప్రియ వెనకాల నిలబడి ముందుకు వంగాడు. ఆడబిడ్డ జడ ఎత్తి పట్టుకుంది. నరసింహులు ముందుకు జరిగి, మోకాలి మీద కూర్చుని, కెమెరా కంటికి ఆనించాడు.

కెమెరా అద్దంలో సుప్రియ మెడ నిండిపోయింది. రెండు పక్కల నుంచీ రెండు చేతులు వచ్చాయి. ఆ చేతుల్లో పసుపుతాడు ఉంది, కానీ అతనికి తాడు కనపడలేదు. ఎడారి కనపడింది. మోకాళ్ళ మీద మనుషులు ఒకరి వెనక ఒకరు కనపడ్డారు. ఆ పిల్లను లాగేయాలి, అరవాలి అనిపించింది. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. వేలు మీట మీదే కొయ్యబారింది. నెత్తిన అక్షింతలు రాలుతుంటే తెలివి వచ్చి చూశాడు. మూడు ముళ్ళూ పడిపోయాయి.

అతను తీయలేదని ఎవరూ గమనించలేదు. మళ్ళీ ఒకసారి తాడు పట్టుకో అబ్బోడా అంటే పెళ్ళికొడుకు పట్టుకునేవాడే, ఫోటోగ్రాఫర్లు మామూలుగా చేసే పనే అది. కానీ ఆ మెడ వైపు మళ్ళీ కెమెరా తిప్పే ధైర్యం లేకపోయింది. తలంబ్రాలూ అరుంధతీ కొయ్యబొమ్మలా తీసుకుంటూ పోయాడు. వంటశాల గుమ్మం దగ్గర వెంకటలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతన్ని చూసి తల ఊపింది. తీశావు గదా అని. అతను కూడా తల ఊపాడు. బస్టాండు ముద్ర తర్వాత అది రెండో పెద్ద అబద్ధం.

వారం తర్వాత ప్రింట్లు తీసుకుని ఆ పల్లెకు పోయాడు. మధ్యాహ్నం ఎండ. కొత్త పెళ్ళికూతురు పుట్టింటికి వచ్చి ఉంది. తల్లీకూతుళ్ళు చాప మీద కూర్చుని ఒక్కొక్కటే తిప్పారు. వెంకటలక్ష్మమ్మ జీలకర్ర బెల్లం దాటి, తలంబ్రాల దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి తిప్పింది.

"తాళి కట్టేది యాడుంది నరసింహులూ?"

"లేదొదినా. తీయలేకపోయినా."

"రీలు అయిపోయిందా?"

అవునంటే సరిపోయేది. నరసింహులు అనలేదు. నట్టింట్లో చెరుకుగడ పట్టుకున్న వెంకటేశ్వర్లు నవ్వుతున్నాడు. ఆ పటం కింద కూర్చుని, నెట్ సెంటరూ, తను చూసినవీ, ఎందుకు మొదలుపెట్టాడో, పెళ్ళిలో కెమెరాలో ఏం కనపడిందో, అంతా చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేదు, చాప అంచు పీకుతూ చెప్పాడు. ఇంత సిగ్గు అతను పుట్టి ఎరగడు.

వెంకటలక్ష్మమ్మ లేచి లోపలికి పోయి మజ్జిగ తెచ్చి పెట్టింది.

"తాగు," అంది. తాగాడు.

"ఆ పొద్దు నిన్ను ఎన్ని తిట్లు తిట్టినా, గ్యాపకముందా?"

"ఉంది."

"పన్నెండేండ్లాయె. ఇప్పటికీ కండ్లు మూసుకుంటే మీ అన్న నవ్వేదే కనపడతాది నాకు. ఆ పొద్దు నువ్వు సూపిచ్చింటే ఏం కనపడేదో! నన్ను ఆపేదానికి నువ్వుంటివి. నిన్ను ఆపేదానికి ఎవరూ లేకపోయిరి గదప్పా."

నరసింహులు అప్పుడు ఏడ్చాడు. స్నేహితుడు పోయినప్పుడు పని ఉండి ఏడవలేదు, ఆ బాకీ కూడా కలిపి ఏడ్చాడు. ఆపినవాళ్ళు లేకపోలేదు. నంద్యాలలో ఒకామె ఆపింది, తనే వినలేదు. ఆ మాట కూడా చెప్పాడు.

సుప్రియ ఇంతసేపూ వింటూ కూర్చుంది. లేచి, గోడకు ఆనించిన అతని సంచిలోంచి పెళ్ళి కెమెరా తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"చిన్నాయనా, ఇప్పుడు తియ్యి."

పైట కిందినుంచి పసుపుతాడు బయటికి తీసి, తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. వెంకటలక్ష్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను ముట్టకూడదు పాపా."

"నువ్వు ముట్టకుంటే ఇంకెవరు ముట్టాల? నన్ను కనింది నువ్వు గాదా?"

తాళిబొట్లు తల్లి అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది. నరసింహులు కెమెరా ఎత్తాడు. అద్దంలో మళ్ళీ అదే మెడ. మళ్ళీ చేతులు వచ్చాయి. వెనకాలే ఎడారీ వచ్చింది. అతను కన్ను తీయలేదు, మీట నొక్కనూ లేదు. కాచుకున్నాడు. ఇవి ఎవరి చేతులని తనను తాను అడిగాడు. కలుపు తీసి తీసి గోళ్ళు అరిగిన చేతులు, బోసిపోయిన మణికట్లు. వెంకటలక్ష్మమ్మ చేతులు. అవి పట్టుకున్నది పసుపుతాడు. కొంచెం కొంచెంగా ఎడారి పక్కకు జరిగింది. పైన రెండు మొహాలు కనపడ్డాయి, రెండూ ఏడుపు ఆపుకుంటూ బిర్రబిగుసుకుని ఉన్నాయి.

"ఏమొదినా," అన్నాడు. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చినావా?"

నిజంగానే పెట్టి వచ్చినట్టు వెంకటలక్ష్మమ్మ వంటింటి వైపు తిరగబోయి, అర్థమై నవ్వింది. కూతురు తల్లిని చూసి నవ్వింది. ఫ్లాషు వెలిగింది.

ఆ ఒక్క ఫోటో కోసం రీలు పట్టుకుని నంద్యాల వెళ్ళాడు. రీలు ల్యాబులో ఇచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు. సలోమి తాళం తీస్తూ చూసింది.

"ఏమన్నా, లోపలికి రాలేదే?"

"నన్నెవరూ పిలవలేదు గదమ్మా," అన్నాడు.

ఆమె పక్క కొట్టులో చెప్పి టీ పంపించింది. కళ్ళలోంచి ఆ బొమ్మలు ఒక్కసారిగా పోలేదు. రెండేళ్ళ దాకా ఏ పెళ్ళిలోనైనా గట్టిమేళం మోగితే అతని అరచేతులు చెమటలు పట్టేవి. ఆ రోజుల్లో నాగేశ్వరమ్మ కూడా పెళ్ళిళ్ళకు వెంట వెళ్ళి, ఫ్లాషు పట్టుకుని పక్కనే నిలబడేది. పీనుగ కెమెరాను స్టేషన్ వాళ్ళకే ఇచ్చేసి, ఆ పనికి ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. సుప్రియ ఆల్బంలో తాళి పేజీలో ఇప్పటికీ ఉన్నది ఆ ఫోటోనే. పెళ్ళికొడుకు లేడేమిటని చూసినవాళ్ళు అడుగుతారు. వెంకటలక్ష్మమ్మ ఆ పేజీ మీద కాసేపు చెయ్యి పెట్టి, తర్వాతి పేజీ తిప్పుతుంది.